రాళ్ళలోంచి వచ్చిన సవతులు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టేంత వయసు నీకెక్కడొచ్చిందని మా ఇంట్లో నన్ను ఎగతాళి చేస్తారు. నిజమే, నేను చెప్పబోయే రోజుల్లో కూడా అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఫోనులో మనిషి కనపడేవాడు, మా పుట్టిల్లున్న కోవిల్‌పట్టి నుంచి అత్తిల్లున్న విరుదునగర్‌కు బస్సెక్కితే గంటా గంటన్నర ప్రయాణం. అయినా నేను ఆ రోజులనే అంటాను, ఎందుకంటే అప్పటి నేను వేరు. మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది, ఒంటి నిండా కుళ్ళు. మామూలు కుళ్ళు కాదు. బావ (దూరపు వరసకు బావ, పెళ్ళయ్యాక దగ్గరి బావ) ఎవరిని చూసి నవ్వినా నాకు కడుపు భగభగ మండేది. ఇంటికి పాలు పోసే ముసలాయనను చూసి నవ్వినా సరే, నన్ను చూసి ఇంత నవ్వాడా అని లెక్క చూసుకునేదాన్ని. అలాంటిదాన్ని పెళ్ళయి నిండా రెండు నెలలు కాకుండానే ఆడి నెల (తెలుగువాళ్ళ ఆషాఢం లాంటిది) వచ్చిందని తీసుకొచ్చి పుట్టింట్లో కూర్చోబెట్టారు.

మా వైపు ఆచారం తెలియనివాళ్ళకు ఇక్కడ కాస్త చెప్పాలి. మా పెద్దలు ఎప్పుడో తెలుగును మూటగట్టుకుని ఈ నల్లరేగడి చేలకు వచ్చినవాళ్ళు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, ఆచారాల దగ్గరికి వస్తే మాత్రం రెండు వైపులవీ వదలరు. ఆడి మొదటి రోజున కొత్త అల్లుణ్ణి పిలుస్తారు, విందు పెడతారు, బట్టలు పెడతారు, సాయంత్రానికి ఒంటరిగా బస్సెక్కించి పంపేస్తారు. పిల్ల మాత్రం పుట్టింట్లోనే ఉంటుంది. నెల గడిచేదాకా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకూడదు. మరి ఫోనులో అయితే? ఈ ప్రశ్న మా ముత్తాతల కాలంలో లేదు కాబట్టి మా అవ్వ దగ్గరకు వచ్చింది. అవ్వ వక్క నములుతూ చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పింది: "మాటకు దోసం లేదు. ముకం చూడకూడదు. ఫోనులో చూసినా చూసినట్టే." ఆ తీర్పుకు అప్పీలు లేదు. బావ బుద్ధిమంతుడు గనక దాన్ని అక్షరాలా పాటించాడు. సాయంత్రం ఫోను చేసేవాడు, బొమ్మ కనపడేలాగే చేసేవాడు, కానీ కెమెరాను తన వైపు తిప్పకుండా హాల్లో ఉన్న చేపల ట్యాంకు వైపు తిప్పేవాడు.

ఆ ట్యాంకు సంగతి. బావ పప్పుల మిల్లులో ఉద్యోగం. సముద్రం చూడాలంటే తూత్తుక్కుడి దాకా పోవాల్సిన ఊళ్ళో, తాగే నీళ్ళు వచ్చే రోజు కోసం వీధంతా కాచుక్కూర్చునే ఊళ్ళో, ఈయన ఉప్పు కలిపిన నీళ్ళతో ఇంట్లో సముద్రం పెట్టుకున్నాడు. రెండు కాషాయం రంగు చేపలు, నాలుగు మెత్తటి పగడాలు. మా పెళ్ళికి కాస్త ముందు మదురైలో ఎవరో ట్యాంకు ఎత్తేస్తూ ఉంటే ఆయన దగ్గర ఏళ్ళ తరబడి నీళ్ళలో నానిన రాళ్ళు కొనుక్కొచ్చాడు. అలాంటి రాళ్ళ బొక్కల్లో ఏవేవో ప్రాణులు దాక్కుని, రైల్లో టికెట్టు లేకుండా వచ్చేవాళ్ళలాగా, మనకు తెలియకుండానే ఇంటికి వచ్చేస్తాయట. కొన్నాళ్ళు ఊపిరి బిగబట్టుకుని ఉండి, ఆపైన ఒక్కొక్కటే తల బయటపెడతాయట. నా ఖర్మ కొద్దీ అవి తలలు బయటపెట్టడానికి సరిగ్గా ఆ ఆడి నెలనే ఎంచుకున్నాయి.

పొద్దున లేచినప్పటి నుంచి ఆ సాయంత్రపు ఫోను కోసం కాచుకునేదాన్ని. నేను కోరింది పెద్దదేమీ కాదు. నువ్వు లేకపోతే ఇల్లు బోసిగా ఉంది అనే ఒక్క మాట. ఆ మాట పూర్తిగా అనకపోయినా, అనబోయి సిగ్గుపడినా నాకు చాలు. ఫోను మోగేది, "తింటివా?" అనేవాడు, తిన్నానని చెప్పేలోపలే గొంతు మారిపోయేది. "ఇదో, చూడు చూడు! ఆ మూల రాయిలో బొక్క ఉండాది గదా, దాంట్లోంచి సన్నసన్న చేతులు బయటికి వస్తుండాయి. అయిదు చేతులుండాయి దానికి. ఎంత అందంగా ఊపతాదో చూడు!" నేను నా చేతులు చూసుకున్నాను. రెండే ఉన్నాయి. విందు రోజున మోచేతి దాకా గోరింటాకు పెట్టుకుని అరిటాకు ముందు ఈయనకు వడ్డించింది ఈ చేతులే, ఒక్క ముక్క అన్నాడా? "బాగుండాది" అని పళ్ళు నూరుతూ ఫోను పెట్టేశాను. మర్నాడు గొట్టంలోంచి తల బయటపెట్టి చిన్న విసనకర్రలాగా విచ్చుకునే పురుగు. "మనిషి నీడ పడితే చాలు, సిగ్గుపడి లోపలికి పోతాది, పావం!" అన్నాడు. పురుగు సిగ్గు తెలిసింది ఈయనకు.

ఇంతటితో పోయినా ఏదోలా సర్దుకునేదాన్ని. వీటికి తోడు ఒక మేడం వచ్చింది. ట్యాంకులు పెంచేవాళ్ళ గుంపు ఒకటి ఫోనులో ఉందట, అందులో నాగర్‌కోయిల్ మేడం ఒకావిడ ఏ ప్రాణి ఫొటో పెట్టినా అదేమిటో చెప్పేస్తుందట. "మేడం చెప్పింది, ఆ అయిదు చేతులది నక్షత్ర జాతిదంట, చెత్తంతా ఏరుకొని తింటాదంట, మంచిదంట." "మేడం చెప్పింది, ఆ విసనకర్రది నెరయ మందికి దొరకదంట." (నెరయ అంటే చాలా.) మేడం చెప్పింది, మేడం చెప్పింది! ఆవిడ ముఖం చూద్దామని ఫోనులో వెతికితే ముఖం ఉండాల్సిన చోట ఎర్రటి పగడం బొమ్మ పెట్టుకుంది. ముఖం దాచుకునే ఆడదాన్ని నమ్మకూడదని నాకు నేనే తేల్చేసుకుని, మిగతాది ఊహించుకున్నాను: పాతికేళ్ళు, విరబోసిన జుట్టు, సముద్రపు గాలికి ఎగిరే చున్నీ. ఆవిడకు ఉప్పునీళ్ళ మేడం అని పేరు పెట్టాను. కొన్ని సాయంత్రాలు బావ నుంచి ఫోను వచ్చేది కాదు. ఆ సాయంత్రాల్లో ఈయన ఉప్పునీళ్ళ మేడంతో మాట్లాడుతూ ఉంటాడని నాకు గట్టి నమ్మకం, అన్నం ముందు కూర్చుని ముక్కు చీదేదాన్ని. మా అమ్మ "పిల్లకు జలుబు చేసింది" అని మిరియాల కషాయం తాగించేది.

ఏడ్చి లాభం లేదని చదవడం మొదలుపెట్టాను. ఎం.కాం. పరీక్షకు కూడా నేను అంత చదవలేదు. పగలంతా ఫోను పట్టుకుని పీతలు, రొయ్యలు, పురుగులు, నత్తలు. వాటి కాళ్ళు, మీసాలు, గోళ్ళ రంగు. ఫొటో ముందు నాకు పంపాలని, ఆ తరవాతే ఎవరికైనా చూపించాలని బావకు ఆజ్ఞ వేశాను. నా మొదటి తీర్పు గాజులా మెరిసే చిన్న గోధుమ రంగు పువ్వు మీద. రాయికి అంటుకుని రేకులు ఆడిస్తూ ఉంది, ముచ్చటేసింది. "ఇది చాలా అరుదైనది, జాగ్రత్తగా మేపు" అని చెప్పాను. బావ వారం రోజులు దానికి మేత పెట్టాడు. వారం తిరిగేసరికి ట్యాంకు నిండా దాని పిల్లలే. ఉప్పునీళ్ళ మేడం చెప్పిందట, అది పువ్వు కాదు, కలుపంట, పక్కనున్న పగడాలను కుట్టి చంపుతుందంట, కనపడగానే తీసేయాల్సిందంట. పత్తిచేలో పుట్టి పెరిగినదానికి కలుపుకూ పంటకూ తేడా తెలియలేదని మా అవ్వ ఊళ్ళో నలుగురికీ చెప్పి నవ్వింది. బావ మాత్రం నవ్వలేదు. "పోనీలే, నువ్వు చెప్పినావని మేపినా" అన్నాడు. అందులో ఉన్న ప్రేమ ఇప్పుడు కనపడుతుంది, అప్పుడు నాకు వినపడింది మేడం గెలిచిందన్న మాట ఒక్కటే.

మళ్ళీ చదివాను. పట్టుదలతో చదివాను. రాయి కింది నుంచి జెర్రిలాంటిది ఒకటి పాకి వచ్చిందని బావ హడలిపోయి ఫోను చేసిన రోజున ("పూరాన్ మాదిరి ఉండాది, ఒళ్ళంతా వెంట్రుకలు!") ఈసారి తడుముకోకుండా చెప్పేశాను, అది చెడ్డది కాదు, మిగిలిన మేత తిని నీళ్ళు శుభ్రం చేస్తుంది, కాకపోతే చేత్తో ముట్టుకుంటే సన్నటి ముళ్ళు గుచ్చుకుంటాయి అని. "సరిగ్గా మేడం కూడా ఇదే చెప్పింది!" అన్నాడు సంతోషంగా. పరీక్షలో మొదటి మార్కు నాకొచ్చింది, పక్కదానికీ అదే మార్కు వచ్చింది అన్నట్టుంది. ఫోను మంచం మీదికి విసిరేశాను. (కింద పడేసే ధైర్యం లేదు, ఇంకా వాయిదాలు కడుతున్నాం.)

ఆడి ఇంకా కొన్నాళ్ళు మిగిలి ఉందనగా ఒక మధ్యాహ్నం అత్త నుంచి ఫోను. అత్త, అంటే బావ తల్లి. ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. గొంతులో వణుకూ ఉంది, ఏదో ఘనకార్యం చేసిన గర్వమూ ఉంది. "అమ్మా, వాడి ఫోను తగలడంలేదు, మిల్లు గోడౌన్లో ఉండాడేమో. గాజు చీలతా ఉండాది! పొద్దుట్నుంచి టక్కు, టక్కుమంటా ఉండాది, పండక్కి పిల్లోళ్ళు సన్న వెడి కాల్చినట్టు. పగిలిందంటే ఇల్లంతా ఉప్పునీళ్ళే గదా? బయమేసి సగం నీళ్ళు చెంబుతో తోడేసినా. ఒక్క చుక్క పోనీలేదు! అంతా నీ సీరు అండాలోనే పట్టిపెట్టినా. రాళ్ళు కూడా పట్టకారుతో తీసి దాంట్లోనే వేసినా. ఇత్తడి గదా, నీళ్ళు సల్లగా ఉంటాయి."

అత్తను తప్పుపట్టడానికి లేదు. మా వైపు పైపు కారినా, వాన కురిసినా, ట్యాంకు పగిలేలా ఉన్నా చేతికి ముందు దొరికేది పెద్ద పాత్రే, నీళ్ళను నేలపాలు చేసే చేతులు మా ఆడవాళ్ళవి కావు. ఆ పెద్ద పాత్ర నాకు పుట్టింటివాళ్ళు సీరుగా, అంటే సారెగా, పెట్టిన ఇత్తడి అండా, చింతపండుతో తోమి తళతళలాడుతున్నది. మంచినీళ్ళకు ఇత్తడిని మించింది లేదని మా అవ్వా చెబుతుంది. నేను మాత్రం ఉన్నచోటనే లేచి నిలబడ్డాను. ఉప్పునీళ్ళకు ఇత్తడి తగిలితే అందులోని రాగి కరుగుతుందనీ, ఆ రాగి పీతలకూ రొయ్యలకూ పురుగులకూ విషమనీ చదివి ఉన్నాను. ఆ టక్కుమనే చప్పుడు గాజుది కాదనీ తెలుసు. వేలంత ఉండి, ఒక పెద్ద డెక్కను మూసి టపాకాయ పేల్చినట్టు చప్పుడు చేసే రొయ్య ఒకటుంది. అది రాయిలో దాక్కుని వచ్చింది, ఆరోజే నోరు విప్పింది. "అత్తా, రాళ్ళు వెంటనే బయటికి తీసేయండి, ప్లాస్టిక్ బకెట్లో వేయండి!" అని అరిచాను. "నేను పోను తల్లీ! ఆ పూరాన్ బయటికొచ్చి నన్ను చూసి తలెత్తింది. హాలు తలుపు మూసేసి తిన్నె మీద కూర్చుండా" అంది అత్త.

అప్పుడు ఒక్క నిమిషం, నిజం చెబుతున్నాను, నేనేమీ చేయలేదు. పోతే పోనీ అనిపించింది. నెల రోజులుగా నా సాయంత్రాలను మింగేసిన అయిదు చేతులదీ విసనకర్రదీ వెంట్రుకలదీ అన్నీ నా సారె అండాలోనే పోతాయి, నా చేతికి మట్టి అంటదు. అంతలోనే బావ సాయంత్రం ఇంటికొచ్చి ఆ అండాలోకి తొంగి చూసే ముఖం కళ్ళముందుకొచ్చింది. ఆ ముఖం నేను చూడకూడదు కాబట్టి ఇంకా స్పష్టంగా కనపడింది. ఇక ఆగలేకపోయాను. ఎంత సమయం ఉందో తెలియాలి. తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే. అవసరానికి ఉంచుకోమని బావ ఇచ్చిన ఆవిడ నంబరు నొక్కాను.

అటువైపు నుంచి ముందు దగ్గు వినపడింది. పెద్ద, పాతకాలపు, డెబ్బై ఏళ్ళ దగ్గు. వెనకాల ఎవరో "పాట్టీ, మాత్తిరై!" అని కేకేస్తున్నారు, అంటే అవ్వా, నీ మాత్ర అని. ఉప్పునీళ్ళ మేడం ఎగిరే చున్నీ ఆ దగ్గుతో ఊడిపోయింది. నేను తమిళంలో గబగబా చెప్పుకుపోయాను. ఆవిడ నన్నేమీ పలకరించకుండా బడిలో టీచరులాగా గద్దించింది: ఇప్పుడే తీయాలి, గంటలు ఆగితే మిగలవు, ఇత్తడిలోని నీళ్ళు మళ్ళీ ట్యాంకులో పోయొద్దు, పారబోయాలి, ట్యాంకులో మిగిలిన నీళ్ళలోకే రాళ్ళను మార్చాలి, కదులు. ఫోను పెట్టేసింది. అంతటి ముసలావిడ మీద నెలరోజులు ఏడ్చానా అని సిగ్గుపడటానికి కూడా తీరిక లేదు.

గడప దగ్గర అవ్వ అడ్డంగా నిలబడింది. "ఆడిలో మొగుడింటికి పోతావా? నలుగురూ ఏమంటారే?" "అవ్వా, అక్కడ ప్రాణాలు పోతుండాయి!" "ఎవరివే?" "పురుగులవి." అవ్వ నా ముఖం చాలాసేపు చూసింది. ఏం కనపడిందో ఏమో, వక్క ఉమ్మేసి, చీర కుచ్చిళ్ళు పైకి దోపింది. "మాప్పిళ్ళై మిల్లునుంచి వచ్చేలోపల తిరిగొచ్చేయాల. నేనూ వస్తా. వాడి ముకం నీకు కనపడకుండా చూసే బాద్యత నాది." ఆ విధంగా ఆచారమూ నేనూ చెరో ప్లాస్టిక్ బకెట్టు పట్టుకుని బస్సెక్కాం. దారిలో సాత్తూరు దాకా అవ్వ బకెట్టు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది, ఎక్కినవాళ్ళందరూ మేం వెల్లుల్లి బేరానికి పోతున్నామనుకున్నారు.

మేం వెళ్ళేసరికి అత్త తిన్నె మీదే ఉంది. నేను నేరుగా హాల్లోకి పోయి, చేతులకు పాల కవర్లు తొడుక్కుని, రాళ్ళు ఒక్కొక్కటే తీసి బకెట్లోకి, బకెట్లోంచి ట్యాంకులోకి మార్చాను. విసనకర్రది లోపలికి ముడుచుకుపోయి ఉంది. అయిదు చేతులది అడుగున వాలిపోయింది, తీసి ట్యాంకులో వేస్తే చాలాసేపటికి ఒక చెయ్యి కదిలించింది. "బతుకే, బతుకు! నీతో పోట్లాట ఇంకా బాకీ ఉంది" అని పైకే అన్నాను. అత్తా అవ్వా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆఖరి రాయి నీళ్ళలో పెట్టగానే దాని లోపలినుంచి టక్కుమంది. నా గుండె కుదుటపడింది.

సరిగ్గా అప్పుడే వీధిలో బావ బండి ఆగింది. అత్త మిల్లు ఆఫీసుకు కూడా ఫోను చేసిందట, ఆ సంగతి ఎవరో చెప్పగానే పరుగున వచ్చేశాడు. అవ్వ ఆ వయసులో అంత వేగంగా కదలగలదని నాకు తెలియదు. నన్ను వంటింట్లోకి నెట్టి, తలుపు దగ్గరగా లాగి, దానికి వీపు ఆనించి నిలబడింది. నేను లోపల, ఆయన బయట, మధ్యలో అవ్వ. ఆయన గొంతు వినపడింది, రొప్పుతూ: "అది బతికిందా, ఆ అయిదు చేతులది?"

అది! నేను బస్సులో నిలబడి, ఆచారం తొక్కి, చీర తడిపి, ఉప్పునీళ్ళలో చేతులు మండించుకుంటే, అది బతికిందా! "నేనూ బతికే ఉండా!" అని తలుపు వెనకనుంచి అరిచేశాను. "నెలంతా దాని చేతులూ దీని సిగ్గూ చూపించినావే, నన్నొక్క మాట అడిగినావా? అవే నీకు పెండ్లాలు! వాటికే సీరు పెట్టు, వాటికే అండా ఇయ్యి!" బావకు బదులు మాట్లాడింది అత్త. పెరటి వైపునుంచి వంటింట్లోకి వచ్చి, నా తడి చేతులు తన కొంగుతో తుడుస్తూ మెల్లగా అంది: "పిచ్చిదానా, ఈ ట్యాంకు పెట్టి ఎన్నేండ్లయిందో, వాడు ఒకనాడైనా రాళ్ళల్లో తల పెట్టి చూసినాడా? నువ్వు పోయిన్నాటినుంచి పొద్దు వాలితే చాలు, టార్చి పట్టుకొని దాని ముందర కూర్చుంటాడు. ఏమిరా ఎతుకుతుండావంటే, ఏదన్నా కొత్తది కనపడితే గదా ఆమెకు ఫోను చేసేది అంటాడు. ఏదీ కనపడని పొద్దు అన్నం సరిగా తినడు, ఫోను చేతిలో పెట్టుకొని అట్లనే నిదరపోతాడు."

ఫోను రాని సాయంత్రాలన్నీ నాకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అమ్మ పోసిన మిరియాల కషాయం ఘాటు కూడా గుర్తొచ్చింది. తలుపు తీయబోయాను. అవ్వ వీపు కదల్లేదు. "ఆడి ఇంకా పోలేదు" అంది, కానీ గొంతులో మునుపటి కరుకు లేదు. పెరటి తలుపుగుండా నన్ను బయటికి నడిపించుకుపోయింది.

బస్సు ఊరు దాటి చేల మధ్యకు వచ్చింది. అవ్వ ఖాళీ బకెట్ల మీద చెయ్యేసి కళ్ళు మూసుకుంది. ఫోను మోగింది. బొమ్మ లేదు, గొంతొక్కటే. "ఏం కనపడింది?" అన్నాను, ఇంకా కొంచెం కోపం మిగుల్చుకుని. బస్సు హోరులో ఆయన ఊపిరి వినపడుతూ ఉంది. చివరికి అన్నాడు: "ఏమీ కనపడలేదు. సుమ్మా, ఊరికే చేసినా." సాత్తూరు వచ్చేదాకా ఇద్దరమూ ఏమీ మాట్లాడుకోకుండా అలాగే ఫోను పట్టుకుని కూర్చున్నాం. అవ్వ కళ్ళు తెరవకుండానే "మాటకు దోసం లేదన్నా గదా, ఏదన్నా మాట్లాడండే" అంది.

ఇప్పుడు ఒకే ఇంట్లో ఉన్నాం, ఎన్ని ఆడి నెలలు వచ్చినా ఎవరూ ఎవరినీ ఎక్కడికీ పంపరు. ట్యాంకు ఉంది, దాంట్లో ఇప్పటికీ ఏదో ఒకటి కొత్తగా తల బయటపెడుతూనే ఉంటుంది. "ఇదో, చూడు" అని బావ హాల్లోంచి పిలుస్తాడు. పొయ్యి మీద చారు పొంగుతూ ఉంటుంది, తరవాత చూస్తాలే అంటాను, తరవాత ఇద్దరమూ మరిచిపోతాం. ఉప్పు మరకల చీరతో, ఖాళీ బకెట్టు పక్కన, చెవికి ఫోను ఆనించుకుని బస్సులో కూర్చున్న ఆ పిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. రొయ్యతో, పురుగుతో, మాత్ర మింగే ముసలమ్మతో పోటీపడిన ఆ పిచ్చిదాన్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వి ఊరుకోవచ్చు గానీ, దాచడం దేనికి, దాని మీద నాకు ఇప్పటికీ కుళ్ళే. ఆ సాయంత్రం దానికి ఊరికే ఫోను వచ్చింది.